నడుం నొప్పి, చీటీ వారం

రెండేళ్ల క్రితం గ్యాస్ బండ ఎత్తుతుంటే నడుం పట్టేసింది. స్కానింగ్ రిపోర్టులో వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు ఉబ్బిందని చూశాక మంచమెక్కినవాణ్ణి రెండు నెలలు దిగలేదు. బాత్రూంలో సబ్బు జారినా వంగడానికి భయమేసి మా అబ్బాయిని కేకేసేవాణ్ణి. చూడ్డానికి వచ్చినవాళ్లదంతా ఒకటే పాట: వంగకు, బరువెత్తకు, ఆపరేషన్ దాకా పోతుంది.

విజయనగరంలో ఒక ఫిజియోథెరపిస్టు మేడమ్ ముందు కాళ్లలో తిమ్మిరి, మూత్రం పట్టు తప్పడం లాంటివి లేవని చూసుకున్నారు. (అవి ఉంటే ఒక్కరోజు కూడా ఆగకూడదు.) తర్వాత నిద్ర, అప్పులు, షాపులో గొడవల గురించి అడిగారు. నడుముకీ అప్పుకీ ఏం సంబంధమని నాకు ఒళ్లు మండింది. ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే, చీటీ కట్టాల్సిన వారమే నొప్పి ఎక్కువ! 40 ఏళ్ల వయసులో ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా దాదాపు సగం మందికి స్కాన్‌లో అలాంటి ఉబ్బు కనిపిస్తుందని ఆవిడే చెప్పారు. సగం భయం అక్కడే పోయింది.

అయ్యకోనేరు గట్టు మీద మొదటిరోజు ఐదు నిమిషాలే నడిచాను. నొప్పిని బట్టి కాదు, గడియారం చూసి నడవమన్నారు. రెండు నెలలకి అరగంటైంది. షాపులో గంటకోసారి లేచి తిరగడానికి ఓనర్‌ని ఒప్పించాను. మా ఆవిడ ఇప్పుడు "నొప్పెలా ఉంది?" అనదు, "ఎంతవరకు వెళ్లొచ్చారు?" అంటుంది.

చీటీ వారంలో ఇప్పటికీ కాస్త పట్టేస్తుంది. సబ్బు మాత్రం నేనే తీసుకుంటున్నాను.