నొప్పి లేదని పాదాలను చూడటం మానవద్దు

ఏళ్ల తరబడి మధుమేహం ఉన్నవారిలో పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గవచ్చు కనుక, చెప్పులో చిక్కుకున్న చిన్న రాయి పుండు చేసినా నొప్పి తెలియకపోవచ్చు. అందుచేత రోజూ పడుకునే ముందు అరికాలి కింద అద్దం పెట్టి గాని, ఇంట్లో మరొకరి చేత చూపించుకుని గాని, ఎరుపు, బొబ్బ, పగులు, వేళ్ల సందుల్లో తడి ఉన్నాయేమో గమనించాలి. బూట్లు తొడుక్కునే ముందు లోపల చెయ్యి పెట్టి తడిమి చూడాలి. చాలామంది మరిచిపోయేది ఇదేననిపిస్తుంది. ఆనెకాయలను ఇంట్లో బ్లేడుతో కోయడం మాత్రం బొత్తిగా పనికిరాదు. పుండు కనిపిస్తే, నొప్పి లేకపోయినా, ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించాలి. స్పర్శ ఎంత మిగిలి ఉందో తెలిపే 10 గ్రాముల మోనోఫిలమెంట్ (10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ పోగును పాదానికి ఆనించి చూసే) పరీక్షను ఏడాదికి ఒకసారైనా చేయమని అడగండి.