జాతరకు ముందే చెబుతున్నా: గుండె మార్పిడి అయినవాళ్ల నాలుక కింద సార్బిట్రేట్ పెట్టకండి

పోయిన వారం తమ్ముణ్ణి రివ్యూకి తీసుకెళ్లినప్పుడు ఓపీ బయట తెలిసినావిడ కనిపించింది. ఆమె భర్తకూ మా వాడిలాగే గుండె మార్పిడి జరిగింది. మనిషి ఐసీయూలో ఉన్నాడని చెప్పి ఏడ్చింది. పుత్తూరు వైపు పెళ్లికి వెళితే ఎండకు ఆయాసమొచ్చి కూలబడ్డాడట. పక్కనున్న పెద్దాయన జేబులోంచి సార్బిట్రేట్, అదే గుండెనొప్పికి వాడే మాత్ర, తీసి నాలుక కింద పెట్టాడు. మంచి బుద్ధితోనే పెట్టాడు. కాసేపటికే ఒళ్లంతా చల్లబడింది, అంబులెన్సులో చూస్తే పైబీపీ 60. ప్రాణమైతే దక్కింది.

ఆయన రోజూ వేసుకునేది సిల్డెనాఫిల్. ఆ సంగతి పెళ్లిలో ఒక్కరికీ తెలియదు. "ఎట్లా చెప్పేదక్కా, అది వయాగ్రా మందంట కదా" అంది.

వచ్చే వారం తిరుపతి గంగమ్మ జాతర. మే నెల ఎండ, ఇంటినిండా చుట్టాలు. అందుకే ఇప్పుడే రాస్తున్నా. మాస్కు, చేతులు కడుక్కోవడం, ట్యాక్రోలిమస్ (ఒళ్లు కొత్త గుండెను తిప్పికొట్టకుండా వేసే మందు) టైము తప్పకపోవడం లాంటివి డిశ్చార్జి రోజే చెప్పి ఉంటారు, వాటి జోలికి పోను.

అసలు ఆ మాత్ర ఎందుకిస్తారో ముందు ఇంట్లో అందరికీ తెలియాలి. పాత గుండె ఏళ్ల తరబడి సరిగ్గా పనిచేయక రక్తం వెనక్కి నిలిచిపోయి, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ప్రెషర్ పెరిగి ఉంటుంది. గుండె మార్చినంత మాత్రాన ఆ ప్రెషర్ అదే రోజు దిగదు. దాత గుండె కుడివైపు గదికి అంత ప్రెషర్ మీద పంపు చేసే అలవాటు లేదు. చదును నేల మీద బండి లాగిన ఎద్దును తెచ్చి ఒకేసారి ఘాట్‌రోడ్డు ఎక్కించినట్టే. ఆ బరువు తగ్గించడానికే రక్తనాళాలను వదులు చేసే మందులు వాడతారు. ఆపరేషన్ అయిన కొత్తలో నైట్రిక్ ఆక్సైడ్ వాయువు, మిల్రినోన్ డ్రిప్పు. తర్వాత కొందరికి సిల్డెనాఫిల్ మాత్రలు. చాలామందికి వారాల్లోనో నెలల్లోనో ప్రెషర్ దిగుతుంది, అప్పుడు డాక్టర్లే తగ్గిస్తూ వస్తారు.

ఇక సార్బిట్రేట్. అది నైట్రేటు రకం మందు. అదీ నాళాలను వదులు చేసేదే, కానీ దారి వేరు. నాళాలను వదులు చేసే పదార్థం ఒంట్లో ఊరేలా నైట్రేటు కుళాయి తిప్పుతుంది, అది బయటికి పోకుండా సిల్డెనాఫిల్ తూము మూసేస్తుంది. రెండూ కలిస్తే నాళాలన్నీ ఒక్కసారిగా వదులైపోయి బీపీ పాతాళానికి పోతుంది. మామూలు మనిషికైతే బీపీ పడగానే గుండె గబగబా కొట్టుకుని కొంత సర్దుకుంటుంది. మార్చిన గుండెకు నరాలు తెగి ఉంటాయి కాబట్టి వెంటనే అందుకోలేదు. పైగా ఆ నరాలు లేకపోవడం వల్లే చాలామందికి ఛాతీనొప్పి తెలియదు. మా వాడికి ఊరికే కూర్చున్నా నాడి 95 ఉంటుంది, అది వాడికి మామూలే. నొప్పి చూసి, నాడి చూసి మీరే గుండెపోటు అని తేల్చేసి సార్బిట్రేట్ పెట్టకండి.

సిగ్గు సంగతీ చెప్పాలి, నేనూ పడ్డాను కాబట్టి. మొదటిసారి మందులషాపులో చీటీ ఇస్తే కుర్రాడు ఒకసారి చీటీని, ఒకసారి నన్ను చూసి "ఎవరికక్కా?" అని నవ్వాడు. ఇంటికొచ్చి మాత్రలన్నీ స్ట్రిప్పుల్లోంచి ఒలిచి పేరు లేని డబ్బాలో పోశాను. ఆ డబ్బా నెల రోజులు మా నాయన సార్బిట్రేట్ పక్కనే, దేవుడి గూట్లో ఉంది. తలుచుకుంటే ఇప్పటికీ చెమటలు పడతాయి.

ఎండ విషయం. ఒంట్లో నీళ్లు తగ్గితే ఈ మందుల మీద బీపీ ఇంకా పడుతుంది, ట్యాక్రోలిమస్ వల్ల కిడ్నీల మీదా భారం పడుతుంది. అలాగని కడవలకొద్దీ తాగించకండి, రోజుకు ఎన్ని నీళ్లో డాక్టరు చెప్పిన లెక్క ఉంటుంది. కొబ్బరినీళ్లు అడక్కుండా వద్దు, ట్యాక్రోలిమస్ మీద పొటాషియం ముందే పెరుగుతుంటుంది. పంపరపనస అసలే వద్దు, మందు మోతాదు రక్తంలో పెరిగిపోతుంది. మన మామిడిపళ్ల గురించి అడిగితే డాక్టరమ్మ నవ్వి, పొటాషియం రిపోర్టు చూసి చెబుతానంది.

మందులషాపులో సిల్డెనాఫిల్ 20 ఎంజీ లేదు, 50 ఉంది, విరిచి వేసుకోమంటే ఒప్పుకోకండి. జాతర రోజుల్లో షాపులు ఎప్పుడు తీస్తారో నమ్మకం లేదు, పది రోజుల మాత్రలు ముందే తెచ్చుకోండి. సిల్డెనాఫిల్ హఠాత్తుగా ఆపితే ప్రెషర్ మళ్లీ ఎగబాకుతుంది. కాస్త బాగున్నాడని మీ అంతట మీరు ఆపొద్దు.

జ్వరమొస్తే ఆర్ఎంపీ దగ్గరికి పోవద్దు. క్లారిత్రోమైసిన్, ఫంగస్‌కిచ్చే ఇట్రాకొనజోల్ లాంటివి సిల్డెనాఫిల్‌నూ ట్యాక్రోలిమస్‌నూ రెండింటినీ రక్తంలో పెంచేస్తాయి. ఎవరు ఏ కొత్త మందు రాసినా మార్పిడి చేసిన ఆస్పత్రికి ఫోన్ చేశాకే వేయండి.

ఊపిరితిత్తుల ప్రెషర్‌కే ఇచ్చే బోసెంటాన్ రాస్తే, ట్యాక్రోలిమస్ బదులు సైక్లోస్పోరిన్ వాడుతున్నవాళ్లు ఆ మాట చెప్పండి. ఆ రెండూ కలవకూడదు.

రోజూ పొద్దున్నే బరువు చూసి రాయండి. రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, పాదాలు వాచినా, పడుకుంటే ఆయాసమైనా జాతర అయ్యాక చూద్దామనుకోవద్దు.

మంచం మీంచి గబుక్కున లేవనివ్వొద్దు.

అలిపిరి మెట్లు 3,550. మొక్కు ఉంటే డాక్టరును అడిగి బస్సులో వెళ్లండి. గుండెజబ్బు ఉన్నవాళ్లు నడిచి ఎక్కొద్దని టీటీడీ వాళ్లే చెబుతున్నారు.

జాతర వేషాల గుంపులోకి తీసుకెళ్లొద్దు. మేడ మీంచి చూడమనండి.

కళ్లు తిరిగితే పడుకోబెట్టండి, ఆయాసమైతే కూర్చోబెట్టండి, 108కి ఫోన్ చేయండి. నాలుక కింద ఏమీ పెట్టొద్దు. సార్బిట్రేట్ వద్దు. ఐసార్డిల్ వద్దు. మోనోట్రేట్ వద్దు. నికోరాన్ కూడా వద్దు. అన్నీ ఆ బాపతువే. అంబులెన్సులోనూ, క్యాజువాలిటీలోనూ మొదటి మాటే ఇది: "గుండె మార్పిడి అయింది, సిల్డెనాఫిల్ వాడుతున్నాడు, నైట్రేటు ఇవ్వకండి." ఆఖరి మాత్ర ఎన్ని గంటలకు వేశారో కూడా చెప్పండి. సిల్డెనాఫిల్ వేశాక 24 గంటలు, అలాంటిదే టడాలఫిల్ అయితే 48 గంటలు నైట్రేటు దగ్గరికి రాకూడదు.

మార్పిడి అయింది, సిల్డెనాఫిల్ వాడుతున్నాడు, నైట్రేటు వద్దు: ఈ మూడు ముక్కలూ పెద్ద అక్షరాలతో చీటీ మీద రాసి ఒకటి జేబులో, ఒకటి ఫోన్ కవరులో పెట్టండి. మాత్రలు ఒలవకండి, స్ట్రిప్పులోనే ఉంచండి. ఇంట్లో పెద్దవాళ్లకు సార్బిట్రేట్ ఉంటే వాళ్ల పేరు రాసి వేరే గదిలో పెట్టండి. జాతరకు దిగిన చుట్టాల్లో ఎవరి జేబులో ఉందో కూడా అడగండి.