అండమాన్ తీరంలో సముద్రపు కట్లపామును గుర్తించడం, దానికి దూరంగా మసలుకోవడం

అండమాన్ దీవులలో రాళ్లు నిండిన తీరం వెంట పొద్దుగూకిన తరువాత నడిచేవారికి నలుపు, నీలిబూడిద రంగు పట్టీలున్న పాము కనిపిస్తే, అది లాటికాడా ప్రజాతికి చెందిన సముద్రపు కట్లపాము కావచ్చు. ఈ ప్రజాతి బంగాళాఖాతపు దీవులు మొదలుకొని ఆగ్నేయాసియా తీరాల మీదుగా పసిఫిక్‌లోని ఫిజీ, టోంగాల వరకు వ్యాపించి ఉంది. విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లి అండమాన్‌లో స్థిరపడిన మత్స్యకారులకు ఇది తెలిసిన పామే గాని, విహారానికి వెళ్లేవారు మాత్రం ముందుగా తెలుసుకోవడం మంచిది.

మొదట తోకను చూడండి. నేల మీది కట్లపాము తోక గుండ్రంగా ఉండి కొసకు సన్నబడితే, దీని తోక తెడ్డులా పక్కలకు అణగి ఉంటుంది. ఆ తరువాత నడకను గమనించండి. మన కోస్తాలో వలలకు చిక్కే అసలు సముద్ర సర్పాలకు కూడా తెడ్డు తోకే ఉంటుంది. అయితే వాటి పొట్ట పొలుసులు బాగా చిన్నవి కావడం వల్ల అవి ఇసుక మీద పాకలేక చతికిలబడతాయి, పిల్లలను కూడా నీటిలోనే కంటాయి. లాటికాడాకు వెడల్పాటి పొట్ట పొలుసులు ఉండడం వల్ల అది రాళ్లెక్కి పోగలదు, గుడ్లు పెట్టేదీ ఒడ్డుమీదే. కాబట్టి తెడ్డు తోకతో ఒడ్డున చురుగ్గా పాకే పామును దీనిగా భావించవచ్చు. పొలుసులు చూడాలని పామును తిరగేసే సాహసం ఎవరూ చేయవలసిన అవసరం లేదు. పై పెదవి పసుపుపచ్చగా ఉంటే అది కొలుబ్రినా జాతి. ముదురు గోధుమరంగులో ఉంటే లాటికాడాటా.

మలుగు చేపలను వేటాడి తిన్న పాము అరిగించుకోవడానికి, కుబుసం విడవడానికి ఒడ్డుకు చేరి, రాళ్ల సందులలోనో మడచెట్ల వేళ్ల నడుమనో దాగి ఉంటుంది. సముద్రంలో బ్రతికినా దీనికి మంచినీరే కావాలి. తైవాన్ సమీపంలోని ఆర్కిడ్ ద్వీపంలో పరిశీలించినప్పుడు ఈ పాములు దాహంతో ఉండి కూడా ఉప్పునీటిని ముట్టలేదు. అందువల్ల వాగులు సముద్రంలో కలిసే చోట్ల మరింత జాగ్రత్త అవసరం. రాత్రివేళ చెప్పులు, టార్చిలైటు లేకుండా తిరగవద్దు, రాతి సందులలో చెయ్యి పెట్టవద్దు, రాళ్ల మీద విడిచిన బట్టలను దులిపి గాని తొడుక్కోవద్దు. నీటిలో ఈదేవారు పాము ఊపిరి కోసం పైకి వచ్చే దారికి అడ్డు తొలగితే చాలు. ఫోటోలు తీసేవారు మరొక సంగతి గమనించాలి: కొలుబ్రినా తోక కొస మీది మచ్చ అచ్చం తలను పోలి ఉంటుంది, సందులో తల దూర్చి మేత వెతికేటప్పుడు వెనుక నుంచి వచ్చే శత్రువును ఏమార్చడానికి అది పనికివస్తుంది. దానిని చూసి తల అటువైపే ఉందనుకోకండి.

ఇది నెమ్మదైన పాము, పట్టుకుంటే తప్ప కరవడం అరుదు. అయినా దీని విషం నరాలను, కండరాలను పట్టి ఊపిరిని ఆపగలదు. కాటు నొప్పి పుట్టించకపోవచ్చు కనుక నొప్పి లేదని ఉపేక్షించరాదు. గాటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం వంటివి చేయక, కరిచిన కాలినో చేతినో బద్దకట్టి కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. దేశంలో సాధారణంగా వాడే విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి విషాలకు ఉద్దేశించినది. కనుక కరిచింది సముద్రపు పాము అని వైద్యునికి ముందే చెప్పాలి. రెప్పలు వాలినా, మింగడం కష్టమైనా వెంటిలేటరు ఉన్న చోటికి తరలించడంలో ఆలస్యం చేయకూడదు.