సేఫ్టీ పేరు చెప్పి ఆపేస్తే ఏం చేయాలి
మీకు వైకల్యం ఉండి, అమెరికాలో జిమ్‌కో పార్కుకో వెళ్తే "ఇది మీకు సేఫ్ కాదండీ" అని ఆపేశారనుకోండి, వెంటనే వెనక్కి వచ్చేయకండి, అసలు ఏ ప్రమాదం ఉందని ఆపుతున్నారో అడగండి, ఎందుకంటే వైకల్యం ఉన్నవాళ్ళపై వివక్షను ఆపే 1990 నాటి ఏడీఏ చట్టం కింద సేఫ్టీ రూల్ నిజంగా ఉన్న రిస్క్ మీదే పెట్టాలి, వీల్‌చైర్ చూసి ఊహించేసుకుంటే చెల్లదు. ఇది చాలామందికి తెలీదు, అదే నా బాధ. ర్యాంప్‌కనో సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్‌కనో ఎక్స్‌ట్రా డబ్బులు కూడా అడక్కూడదు. వాళ్ళు చెప్పిన కారణం, తేదీ, టైమ్ అక్కడే ఫోన్‌లో రాసుకోండి. ర్యాంప్ మరీ నిటారుగా ఉంటే ఫొటో తీయండి, కొత్తగా కట్టినవాటికి 1 అంగుళం ఎత్తుకి కనీసం 12 అంగుళాల పొడవుండాలి. మేనేజర్ వినకపోతే జస్టిస్ డిపార్ట్‌మెంట్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, దానికి లాయర్ అక్కర్లేదు.