వైర్‌లెస్ స్పీకర్ పాఠాలు – 3: పాట ఆగితే ముందు ఎక్కడ చూడాలి?

పోయిన పాఠంలో స్పీకర్‌ను ఇంటి వైఫైకి కలిపి మొదటి పాట పెట్టుకున్నాం. ఈ పాఠం ఆ పాట ఆగిపోయిన రోజు కోసం.

రెండేళ్ల కింద ఎంగిలిపూల రోజు హనుమకొండలో మా ఇంటి వాకిట్లో బతుకమ్మలు పెట్టారు. ఎప్పుడూ పాట ఎత్తుకునే మా పెద్దమ్మకు ఆ ఏడు గొంతు బాగాలేదు. అందుకని హాల్లో ఉన్న స్పీకర్‌ను తెచ్చి గడప పక్కన పెట్టాను. రెండు పాటలు బాగానే వచ్చాయి. మూడో పాట మధ్యలో ఆగింది, చప్పట్లూ ఆగాయి. టెన్షన్‌లో స్పీకర్ వెనకున్న రీసెట్ బటన్ నొక్కిపట్టాను. వైఫై పేరు, పాస్‌వర్డ్ అన్నీ పోయాయి. మళ్లీ కలిపేసరికి ఇరవై నిమిషాలు పట్టింది, అప్పటికి అందరూ బతుకమ్మలెత్తుకుని చెరువుకు బయలుదేరారు. తీరా చూస్తే స్పీకర్‌లో ఏ లోపమూ లేదు. గడప దగ్గరికి వచ్చేసరికి రౌటర్‌కూ దానికీ మధ్య రెండు గోడలు అడ్డమయ్యాయి. నాలుగడుగులు లోపలికి జరిపితే సరిపోయేది. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. అందుకే ఈ పాఠమంతా ఒక్క పని నేర్పడానికే: ఏ బటన్ నొక్కే ముందైనా, పాట ఏ చోట తెగిందో కనిపెట్టడం.

పాట వచ్చే దారి

యాప్‌లో క్యాస్ట్ గుర్తు నొక్కి స్పీకర్‌ను ఎంచుకున్నప్పుడు పాట ఫోన్‌లోంచి స్పీకర్‌కు వెళ్తుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. ఏ పాట కావాలో ఫోన్ చెబుతుంది, అంతవరకే దాని పని. ఆ తర్వాత స్పీకర్ రౌటర్ ద్వారా ఇంటర్నెట్‌కు వెళ్లి పాటను తానే తెచ్చుకుంటుంది. మీరు ఫోన్ పట్టుకుని బజారుకు వెళ్లినా ఇంట్లో పాట నడుస్తూనే ఉంటుంది. బ్లూటూత్‌లో మాత్రం శబ్దం నేరుగా ఫోన్ నుంచే వెళ్తుంది కాబట్టి, ఫోన్ దూరమైతే పాట తెగుతుంది.

అంటే వైఫైలో మూడు లంకెలున్నాయి: ఇంటికి ఇంటర్నెట్, రౌటర్‌కూ స్పీకర్‌కూ మధ్య గాలి, ఫోన్‌కూ స్పీకర్‌కూ మధ్య పరిచయం. తెగేది ఎక్కువగా వీటిలో ఒక్కటే.

ముందు ఫోన్‌లో మొబైల్ డేటా ఆపండి. ఈ మెట్టు దాటేయకండి. వైఫైలో ఇంటర్నెట్ లేకపోతే చాలా ఫోన్లు చప్పుడు చేయకుండా మొబైల్ డేటాకు మారిపోతాయి. ఫోన్‌లో పాట వస్తుంది కాబట్టి నెట్ బాగుందనుకుని స్పీకర్‌ను తిట్టుకుంటాం. డేటా ఆపాక ఫోన్‌లోనే ఒక పాట పెట్టండి. రాకపోతే గొడవ ఇంటర్నెట్‌ది. ఇంటర్నెట్ తీగ వచ్చి చేరే ఫైబర్ డబ్బా మీద ఎల్‌ఓఎస్ అనే లైటు ఎర్రగా మెరుస్తుంటే బయటి నుంచి వచ్చే తీగలోనే వెలుగు అందడం లేదు. కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేయడమొక్కటే దారి, మీ స్పీకర్‌ను ముట్టుకోవద్దు.

యాప్‌లో స్పీకర్ కనిపించకపోతే

ఫోన్‌లో పాట వస్తోంది, స్పీకర్ పేరు మాత్రం జాబితాలో లేదు. అంటే రెండూ ఒకే ఇంట్లో ఉన్నా ఒకే నెట్‌వర్క్‌లో లేవు, లేదా ఉన్నా ఒకదాన్నొకటి చూడలేకపోతున్నాయి.

మన వైపు ఇళ్లలో దీనికి ఎక్కువగా కారణమయ్యేది రెండు డబ్బాల ఏర్పాటు. ఫైబర్ వాళ్లు ఇచ్చిన డబ్బాలో ఒక వైఫై ఉంటుంది. అది పడకగది దాకా అందడం లేదని మనం ఇంకో రౌటర్ కొని దానికి తగిలిస్తాం. స్పీకర్ పాత వైఫైలో, ఫోన్ కొత్తదానిలో ఉండిపోతాయి. రెండింట్లోనూ ఇంటర్నెట్ వస్తుంది కాబట్టి అనుమానం రాదు. కానీ కొత్త రౌటర్ తనకంటూ వేరే నెట్‌వర్క్ పెట్టుకుంటుంది, స్పీకర్‌ను వెతుకుతూ ఫోన్ వేసే కేక ఆ గోడ దాటదు. ఫోన్‌నూ స్పీకర్‌నూ ఒకే వైఫై పేరుకు కలపండి. శాశ్వతంగా సరిచేయాలంటే కొత్త రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టాలి, అప్పుడది వేరే నెట్‌వర్క్ పెట్టుకోకుండా పాతదాన్నే పంచుతుంది. చాలా రౌటర్ల సెట్టింగుల్లో ఆ పేరుతోనే ఉంటుంది.

గెస్ట్ వైఫైకి కలిపినా ఇదే కథ. చుట్టాల ఫోన్లు ఇంట్లోని సామాన్లను చూడకూడదనే దాన్ని పెట్టారు. ఒకే వైఫైలో ఉన్నవాటిని ఒకదాన్నొకటి చూడనివ్వని ఏపీ ఐసోలేషన్ అనే సెట్టింగ్ రౌటర్‌లో ఆన్‌లో ఉంటే మామూలు వైఫైలోనూ అంతే. ఫోన్‌లో వీపీఎన్ (నెట్‌ను వేరే దారిలో తిప్పి పంపే యాప్) నడుస్తుంటే ఆపి చూడండి. ఐఫోన్ వాళ్లు సెట్టింగుల్లో లోకల్ నెట్‌వర్క్ అనుమతి ఆ మ్యూజిక్ యాప్‌కు ఉందో లేదో చూసుకోవాలి. 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఈ అనుమతి అడుగుతోంది, తొందరలో ‘వద్దు’ అని నొక్కినవాళ్లు చాలామంది ఉంటారు.

కనిపిస్తుంది, మొదలవుతుంది, తెగుతుంది

నా గడప దగ్గర జరిగింది ఇదే. ఇక్కడ అందరూ ముందు నెట్ ప్లాన్ పెంచుదామంటారు. లెక్క చూడండి. మంచి నాణ్యతతో వచ్చే పాటకు సెకనుకు 320 కిలోబిట్లు చాలు. 40 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే సెకనుకు 40,000 కిలోబిట్లు, దానికి 125 రెట్లు. పాట తెగేది వేగం చాలక కాదు, రౌటర్ నుంచి స్పీకర్ దాకా సిగ్నల్ అందక. ప్లాన్‌కు డబ్బు పెట్టే ముందు స్పీకర్ చోటు మార్చి చూడమని గట్టిగా చెబుతాను.

సిగ్నల్‌ను కొలవవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై అనలైజర్ లాంటి ఉచిత యాప్ పెట్టుకుని, స్పీకర్ ఉన్న చోటే ఫోన్ పట్టుకుని అంకె చూడండి. అది సిగ్నల్ బలాన్ని కొలిచే డీబీఎంలో, మైనస్ గుర్తుతో ఉంటుంది; మైనస్ తర్వాతి అంకె పెరిగేకొద్దీ బలం తగ్గినట్టు. మైనస్ 50 అంటే చాలా బలం. మైనస్ 67 దాకా పాటకు ఢోకా లేదు. మైనస్ 75 దాటితే తెగడం మొదలవుతుంది. ప్రతి 10 తగ్గుదలకూ బలం పదో వంతుకు పడిపోతుంది కాబట్టి 67కూ 77కూ తేడా చిన్నది కాదు.

అడ్డం వచ్చేవాటిలో ఇనుప బీరువా అన్నిటికన్నా చెడ్డది, తరంగాన్ని వెనక్కి కొడుతుంది. స్లాబ్‌లో ఇనుప చువ్వలుంటాయి, అందుకే కింది ఇంట్లో రౌటర్ ఉంటే పై అంతస్తులో అవస్థ. చేపల తొట్టి, నీళ్ల డ్రమ్ము కూడా సిగ్నల్‌ను మింగుతాయి. రౌటర్‌ను టీవీ వెనక దాచకుండా సజ్జ మీద, ఇంటి నడుమ పెట్టండి.

ఇళ్లలోని వైఫైలో ఎక్కువగా వాడేవి రెండు బ్యాండ్లు, అంటే తరంగాలు నడిచే రెండు దారులు. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడలు అంతగా దాటలేదు. 2.4 దూరం పోతుంది కానీ అక్కడ రద్దీ. పక్కింటి వైఫై, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ ఆ చుట్టుపక్కలే పనిచేస్తాయి. ఓవెన్ తిరిగినంతసేపే పాట తెగుతుంటే దొంగ దొరికినట్టే. దూరపు స్పీకర్‌కు 2.4 ఎంచుకుని, రౌటర్‌లో ఛానల్‌ను (ఆ బ్యాండ్‌లోని చిన్న వరుసను) ‘ఆటో’ నుంచి తీసి 1, 6, 11లలో ఖాళీగా ఉన్నదానికి మార్చండి. ఒకదానిమీదొకటి పడకుండా ఉండేవి ఈ మూడే. హనుమకొండలోని సుబేదారి, నయీంనగర్ లాంటి చోట్ల అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఈ మార్పు ఒక్కటే సరిపోవచ్చు.

కరెంటు పోయి వచ్చాక

ఎండాకాలం గాలిదుమారం వచ్చి కరెంటు పోతుంది. తిరిగి వచ్చినప్పుడు స్పీకర్ రౌటర్ కన్నా ముందే లేస్తుంది, దానికి నెట్‌వర్క్‌లో చిరునామా (ఐపీ అడ్రస్) ఇచ్చే రౌటర్ అప్పటికి సిద్ధంగా ఉండదు. 169.254తో మొదలయ్యే చిరునామా స్పీకర్ వివరాల్లో కనిపిస్తే కారణం ఇదే. అన్నీ ఆపి, ఫైబర్ డబ్బాను ముందు, తర్వాత రౌటర్‌ను ఆన్ చేయండి. లైట్లు నిలకడగా వెలిగాక చివర స్పీకర్. కరెంటు పోయినా నడిపే బ్యాటరీ డబ్బా, అంటే చిన్న యూపీఎస్ కొంటే రౌటర్‌తో పాటు ఫైబర్ డబ్బాకూ కరెంటు అందేలా చూసుకోండి, కొనేముందు అడాప్టర్ మీద రాసి ఉన్న వోల్టేజీ కూడా చూడండి.

వచ్చే పాఠం లోపు

ఇంట్లో మీరు స్పీకర్ పెట్టే మూడు చోట్ల సిగ్నల్ కొలిచి కాగితం మీద రాయండి. తలుపు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి. ఒక చోటు వాకిలి కావాలి. సద్దుల బతుకమ్మకు స్పీకర్ బయట పెట్టాలనుకునేవాళ్లు ముందు రోజు సాయంత్రమే, అందరి ఫోన్లూ ఇంట్లో ఉన్న వేళ కొలుచుకోండి. నాలుగో పాఠంలో ఆ కాగితం చూస్తూనే రెండు స్పీకర్లను జత చేద్దాం.