పాత ఫోటో చదవడం – 3వ పాఠం: అద్దానికి అంటుకున్న తాతమ్మ

పోయినసారి ఫోటో అతికించిన అట్టను స్కేలుతో కొలవమన్నాను. రెండున్నర అంగుళాల వెడల్పు, నాలుగు అంగుళాల పొడవు ఉంటే కార్ట్ ద విజిట్ అనే చిన్న అట్ట ఫోటో. నాలుగుంబావు, ఆరున్నర వస్తే కేబినెట్ కార్డు అనే పెద్ద రకం. రెండూ కాకపోయినా కంగారు పడకండి, మా ఇంట్లోదీ కాదు.

ఈసారి పని పటం విప్పకుండా కాపీ తీసుకోవడం. విప్పకూడదని నాకెలా తెలిసిందో ముందు చెప్తాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో మా ఇంటి పెంకులు లేచిపోయి తాతమ్మ పటంలోకి నీళ్లు దిగాయి. వారం ఎండబెట్టాక మా చిన్నాన్న "ఏటవ్వదు, నాను తీసేత్తాను" అంటూ వెనక మేకులు పీకి ఫోటో లాగాడు. కాగితం వచ్చేసింది. నత్తూ, ఎడమ బుగ్గా అద్దం మీదే ఉండిపోయాయి.

అది జెలటిన్ ఫోటో. జెలటిన్ అంటే జంతువుల తోలు, ఎముకల నుంచి తీసే బంకలాంటిది. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే అద్దాన్ని పట్టేస్తుంది. బొమ్మను చూపించే వెండి రేణువులుండేది ఆ పొరలోనే. అందుకే కాగితం వచ్చినా తాతమ్మ రాలేదు.

మీ ఫోటో ఏ రకమో భూతద్దంతో చూడండి. కాగితం పీచు కనబడి, తెల్లగా ఉండాల్సిన చోట పసుపెక్కితే గుడ్డు తెల్లసొనతో చేసిన ఆల్బుమెన్ ప్రింటు కావచ్చు. అవి ఎక్కువగా 19వ శతాబ్దానివి. పీచు కనబడకుండా, పటాన్ని పక్కకు వాల్చి చూస్తే జుట్టు దగ్గర నీలంగా వెండి మెరుపు కొడితే జెలటిన్ అనుకోవచ్చు. మురికనుకుని ఆ మెరుపును తుడిచేయకండి! బొమ్మలోని వెండే అలా పైకి తేలింది.

ఇక కాపీ. పొద్దున్నే వీధి అరుగు మీద, ఎండ నేరుగా పడని చోట పటాన్ని వెల్లకిలా పెట్టండి. ఫ్లాష్ వద్దు. అద్దంలో మీ మొహం, ఇంటి దూలాలు కనిపిస్తాయి కదా, దానికి నల్ల గొడుగు చాలు. ఎవరినైనా మీ వెనక నుంచి పైన పట్టుకోమనండి, వెలుగు పక్కనుంచే వస్తుంది. ఫోన్ దగ్గరగా పెడితే అంచులు వంగిపోతాయి. కాస్త ఎత్తుగా పట్టుకుని రెండింతలు జూమ్ చేయండి. తెర మీద గళ్ల గీతలు ఆన్ చేసి, పటం అంచులు వాటికి సరిపోయేదాకా ఓపిక పట్టండి. నాకు పదకొండోసారికి కుదిరింది. పక్కన స్కేలు కూడా ఫ్రేములో పడాలి, అసలు సైజు తర్వాత తెలుస్తుంది.

అలాగే పటం తిరగేసి వెనక అట్టనూ ఒక ఫోటో తీసి ఉంచండి. మా తాతమ్మ వెనక స్టూడియో ముద్ర లేదు గానీ పెన్సిల్‌తో కొబ్బరికాయల లెక్క ఉంది. వచ్చే పాఠం దాంతోనే మొదలు.