టీనేజర్ల కమిటీ మూడో సమావేశానికే ఖాళీ అవుతోందా? సమస్య - పరిష్కారం

లక్షణం: ఊరి నిర్ణయాల్లో పిల్లల మాట వినడానికి మీరు పెట్టిన కమిటీకి మొదటిసారి హాలు నిండింది. మూడోసారికి నలుగురే. వాళ్లూ ఏమీ మాట్లాడరు.

"ఈ కాలం పిల్లలకు ఊరి సంగతులు పట్టవు" అని తేల్చేయకండి. ముందు వేళ చూడండి. పనిదినం మధ్యాహ్నం పెడితే బడికెళ్లేవాళ్లు ఎలా వస్తారు? బడి వదిలే సమయం, పరీక్షల తేదీలు, ఇంటికెళ్లే ఆఖరి బస్సు కాగితం మీద రాసుకున్నాకే తేదీ ఖాయం చేయండి. ఐదు నిమిషాల పని. అయినా దాదాపు అందరూ దీన్నే వదిలేస్తారు.

వేళ కుదిరాక కూడా రాకపోతే అసలు దొంగ వేరే ఉన్నాడు: మీరు పిల్లల్ని పిలిచేసరికే నిర్ణయం అయిపోయింది. చప్పట్లు, ఫొటోలు అన్నీ సవ్యంగా జరుగుతాయి కాబట్టి ఇది పైకి కనబడదు. పార్కు సంగతే తీసుకోండి. డిజైన్‌కు ఆమోదం వచ్చింది, టెండర్ పిలిచేశారు. ఆ తర్వాత "మీ ఆలోచనలు చెప్పండి" అంటారు. పిల్లలు రాత్రి లైట్లు అడుగుతారు, అమ్మాయిలు ఆడుకోవడానికి చోటు అడుగుతారు. "మంచి సూచన" అని సమావేశం మినిట్స్‌లో (చర్చల నమోదులో) ఎక్కుతుంది. చివరికి వాళ్లు తేల్చగలిగింది బెంచీల రంగొక్కటే. ఆ సంగతి వాళ్లకు ఆ సాయంత్రమే అర్థమైపోతుంది, తోటివాళ్లకూ చెప్పేస్తారు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక, 12వ అధికరణలో, పిల్లల మాట వినమని చెప్పి ఊరుకోలేదు. వయసునూ పరిణతినీ బట్టి ఆ మాటకు తగిన విలువ ఇమ్మంది. అంతా అయిపోయాక అడిగితే ఆ విలువ ఎలా ఇస్తారు?

ఎలా పట్టుకోవాలి: ఫైలు తీసి, డిజైన్ లేదా బడ్జెట్ ఖాయమైన తేదీనీ పిల్లల్ని అడిగిన తేదీనీ పక్కపక్కన పెట్టి చూడండి.

పరిష్కారం: ఏవి ఖాయమయ్యాయి, ఏవి ఇంకా మార్చొచ్చు, ఎప్పటిలోగా అన్నది బాధ్యుడైన అధికారి చేత ఒక పేజీలో రాయించండి. మార్చగలిగేది ఏమీ లేదంటే సమావేశం రద్దు చేయండి. ఉంటే ఆ పేజీ వారం ముందే పిల్లల చేతికివ్వండి. నిర్ణయ తేదీకి కనీసం ఆరు వారాల ముందు మొదలుపెట్టాలి: స్థలం చూసి తోటివాళ్లను కనుక్కోవడానికి రెండు వారాలు, ప్రతిపాదన రాయడానికి రెండు, అధికారులు ఖర్చు లెక్కగట్టడానికి రెండు. ప్రతి సూచనకూ నెలలోగా రాతపూర్వకంగా జవాబు వెళ్లాలి: ఒప్పుకున్నాం, కొంతవరకే, కుదరదు, ఎందుకో కూడా. కారణం చెప్పి కుదరదన్నా పిల్లలు మళ్లీ వస్తారు.

చేతిలో నిధులుంటే ఇంకా సూటి దారి ఉంది. అమెరికాలోని బోస్టన్ నగరం 2014లో పది లక్షల డాలర్లు ఎక్కడ ఖర్చుపెట్టాలో 12 నుంచి 25 ఏళ్లవాళ్ల ఓటుకే వదిలేసింది.

తల్లిదండ్రులు పంపకపోవడం, ఒక్కరే మైకు వదలకపోవడం కూడా ఉంటాయి. సమ్మతి పత్రం, మాట్లాడే వంతులు పెడితే సరిపోతుంది.

ఇప్పటికే మానేసినవాళ్లను తిరిగి పిలవాలంటే, పాత సూచనలకు జవాబులు ముందు పంపండి. ఆహ్వానం ఆ తర్వాతే.